దేవవ్వ పడవకు ముందు బరువు

దేవవ్వ దేన్నీ ఊరికే నమ్మదు. పాలు పోయించుకుంటే గిన్నెలో వేలు ముంచి, ఆ వేలు గోడకు రాసి, ఎంత చిక్కగా పట్టిందో చూస్తుంది. చేపల బేరగాడు కాంటా తెస్తే, చేపల కంటే ముందు తను దాచుకున్న కిలో గుండు పెట్టి ఆ కాంటానే తూస్తుంది. బస్సులో పక్కనున్నామె పలకరింపుగా నవ్విందంటే, తన ముల్లెను కాళ్ల దగ్గరి నుంచి ఒళ్లోకి తెచ్చుకుంటుంది. అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతానికి రెంజల్ దిక్కున ఎవరైనా గుడి కడితే పూజారి కోసం ఎక్కడా వెతకనక్కర్లేదు.

అలాగని ఆమె చెడ్డది కాదు. ఈ మాట ముందే చెప్పి పెట్టడం మంచిది, ఎందుకంటే చెప్పబోయే సంగతిలో ఆమె చాలాసేపు చెడ్డగానే కనిపిస్తుంది.

కులానికి గంగపుత్రులే గానీ ఆమె పుట్టింటివాళ్లు నీళ్లను నమ్ముకుని బతకలేదు. బోధన్ పక్కన చెరకు పొలాల ఊరు వాళ్లది. ఆమె తండ్రి జన్మలో వల పట్టలేదు. ఫ్యాక్టరీ నడిచిన కాలంలో ఒక ఆంధ్ర రైతు చెరకును బండి మీద తోలేవాడు. బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరి నిలబడితే, చిన్నప్పటి దేవవ్వ ఆ చెరకు మోపుల మీద పడుకుని ఆకాశం చూస్తూ, గడ నములుతూ పొద్దు గడిపేది. బండికి చెరకు ఎత్తడంలో తండ్రి మహా గట్టివాడు. "ఎనుక బరువైతే కాడి లేస్తది బిడ్డా, ఎడ్లకు గొంతు బిగుస్తది. ముందు బరువేసుకో. బండి నీ మాట ఇంటది" అని మోపు మోపుకూ చెప్పేవాడు. దేవవ్వకు బడి అబ్బలేదు గానీ ఈ చదువు మాత్రం ఎముకల్లో ఇంకిపోయింది.

పెళ్లయి గోదావరి ఒడ్డుకు వచ్చింది. శ్రీరాంసాగర్ నిండితే ఆ ఊరి ముందు నది వెనక్కి తన్ని, అవతలి మహారాష్ట్ర ఒడ్డు కనీ కనిపించనంత వెడల్పు అవుతుంది. మొగుడు ముత్యం, మరిది హన్మండ్లు కలిసి ఒక చెక్క పడవ నడిపేవారు. తాము వల వేయడం, వలలు వేసిన మిగతావాళ్ల చేపలు ఒడ్డుకు చేర్చడం, లంకల్లో పొలాలున్నవాళ్లను దాటించడం వాళ్ల పని. కాకినాడ దిక్కు నుంచి తెప్పించిన పాత ఇంజన్ ఒకటి ఆ పడవ వెనక బిగించారు. దాని కింద నీళ్లలో తిరిగేదాన్ని ఒడ్డున అందరూ పంకా అంటారు. ముత్యం ఇంజన్ దగ్గర, హన్మండ్లు ముందు వల దగ్గర. దేవవ్వ మాత్రం పడవ ఎక్కేది కాదు. చేపలు దిగితే ఏరడం, అమ్మడం, బేరగాళ్లను సతాయించడం ఆమె పని.

మొగుణ్ణి కూడా మొదటి ఏడాది అనుమానించింది. సాయంత్రం ఇంటికి రాగానే చొక్కా వాసన చూసేది, కల్లు తాగాడేమో, ఇంకేమన్నా ఉందేమో అని. రెండో ఏడాది చూడటం మానేసింది. దేవవ్వకు తెలిసిన ప్రేమ అంతకు మించి లేదు.

ఆ ముత్యం ఒక ముసురు రోజున పోయాడు. గాలి లేచింది, నడి నీళ్లలో వల చిక్కుకుంది. ఆ ఒక్కసారికి తమ్ముణ్ణి ఇంజన్ పట్టుకోమని, తనే వల విడదీయడానికి ముందుకు వెళ్లాడు. అల కొట్టింది. ముందు భాగం లేచింది. మనిషి ఎగిరి నీళ్లలో పడ్డాడు. హన్మండ్లు దూకి వెతికాడు, దొరకలేదు. ఇద్దరు వెళ్లిన పడవలో ఒక్కడు తిరిగొచ్చాడు. శవం మరునాడు దిగువన ఒక నల్ల రాయి పక్కన ఒడ్డుకు తగిలింది.

దేవవ్వ మొగుడి గుండెల మీద పడి ఏడ్చింది. ఏడుస్తూనే మరిది మొహం కేసి ఒక చూపు చూసింది. ఆ చూపు హన్మండ్లు చూశాడు. ఒడ్డున చాలామంది చూశారు.

దినాలయ్యాక ఆమె ఒక పని చేసింది. ఆ నల్ల రాయిని, ఇద్దరు మనుషులు కష్టం మీద లేపేదాన్ని, మోయించుకొచ్చి పడవ ముందు ముక్కులో పెట్టించింది. పసుపు రాసింది, బొట్టు పెట్టింది. గంగమ్మ అంది, మా ఆయన అంది, రెండూ ఒకటే అంది. "ముందు బరువుంటే ఇగ లేవదు" అంది. చెరకు బండి బిడ్డ కదా, ఇంకేం అంటుంది! రాయి చుట్టూ పసుపుతో గీత గీసి, మరిది చేయి రాయి మీద పెట్టించి ఒట్టు వేయించుకుంది. గాలి లేచిన రోజున ఒడ్డు వెంబడే తప్ప నడి నీళ్లకు పోకూడదు. రాయిని ముట్టుకోకూడదు. హన్మండ్లు సరే అన్నాడు.

ఆ ఏడాదే ఒకసారి రాయిని జానెడు వెనక్కి జరిపాడు. పసుపు గీత దాటిన సంగతి దేవవ్వ కంటికి ఎందుకు తప్పుతుంది? ఒడ్డు ఒడ్డంతా ఏకమయ్యేలా అరిచింది. "సచ్చినోన్ని గూడ ఎనుకకు నెట్టబడితివిరా?" అంది. హన్మండ్లు రాయిని తిరిగి గీతలోకి జరిపాడు. మళ్లీ ఎప్పుడూ దాని జోలికి పోలేదు.

ఆ ఏడాది నుంచే ఇంజన్‌కు రోగం పట్టుకుంది.

ఒడ్డున కూర్చుంటే దేవవ్వకు వినిపించేది. పడవ వెళుతూ వెళుతూ ఉండగా ఇంజన్ ఉన్నట్టుండి గొంతు చించుకుని అరిచేది, మరుక్షణం నోరు నొక్కినట్టు ఆగేది. మళ్లీ అరుపు. మిగతా పడవలు దగ్గుకుంటూ మూలుక్కుంటూ తమ దారిన పోతుంటే ఇదొక్కటే ఇలా మొత్తుకునేది. పంకాకు అడ్డంగా ఉండే ఇనుప పిన్ను ఊరికూరికే తెగేది. అప్పుడు ఇంజన్ తిరుగుతుంది గానీ పంకా తిరగదు, పడవ అడ్డం తిరిగి కొట్టుకుపోతుంది. గేరులో పోసిన నూనె మజ్జిగలా తెల్లబడి కారేది. పెట్రోలు రెండింతలు తాగేది.

పెట్రోలు అనేసరికి దేవవ్వకు నిద్ర పట్టలేదు. ఆ రోజు నుంచి పొద్దున్నే పడవ బయల్దేరే ముందు డబ్బా మూత తీసి వాసన చూడటం మొదలుపెట్టింది, కిరోసిన్ కలిపి పెట్రోలు అమ్ముకుంటున్నాడేమో అని. వేపపుల్ల ముంచి మట్టం చూసేది. సాయంత్రం పడవ రాగానే మళ్లీ పుల్ల. హన్మండ్లు పక్కన నిలబడి చూస్తుండేవాడు. నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, బడిపిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడేవాడు.

అలా ఒక సాయంత్రం పుల్ల ముంచబోతూ పడవ వెనక భాగంలో చేయి ఆనించింది. చేతికి ఇసుక అంటింది. తడి ఇసుక. చెక్కల సందుల్లో, ఇంజన్ కింద, అక్కడక్కడా మెరుస్తూ ఉంది. చేపల పడవలో చేపల పొలుసు ఉండాలి, నాచు ఉండాలి. వెనక ఇసుకకేం పని?

ఒడ్డున చేపలు ఎండబెట్టుకునే నాగవ్వ నోట్లో నువ్వుగింజ నానదు. మరునాడు ఆమే కదిపింది. "ఎవరో పడవలల్ల ఇసుక తోలుతున్నరట గదనే దేవవ్వా. అవుతల దిక్కు ట్రాక్టర్లు నిలవడ్తున్నయట. నేనేం ఎవరి పేరు చెప్తలేను."

పేరు చెప్పకపోవడమే దేవవ్వకు పేరు చెప్పినట్టయింది. అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. ఇంజన్ అరుపు, పిన్నులు, పెట్రోలు, ఇసుక. నిప్పు లేనిదే పొగ రాదు. నాలుగైదు సార్లు మరిది గోనెసంచిలో ఏదో చుట్టుకుని బోధన్ బస్సు ఎక్కడం కూడా గుర్తొచ్చింది. ఎక్కడికిరా అంటే "పనుంది వదినె" అన్నాడు. ఏం పని? చెప్పలేదు.

హన్మండ్లు కమ్మర్‌పల్లిలో పెళ్లికి వెళ్లిన రోజు చూసుకుని ఆమె భూమేష్‌ను పిలిచింది. భూమేష్ వేరేవాళ్ల పడవ మీద కూలికి పోయే కుర్రవాడు. దేవవ్వ పడవ తనకిస్తే నడుపుకుంటానని రెండుమూడుసార్లు అడిగినవాడు కూడా. అతని చేత పంకా విప్పించి, పాత చీరలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బోధన్ వెళ్లింది. బస్సులో పక్కామె "ఏందక్కా, పసిపిల్లనా?" అంది. దేవవ్వ చీర ఇంకా బిగించి చుట్టింది.

బోధన్‌లో మోటార్లూ ఇంజన్లూ బాగుచేసే ప్రేమ్‌చంద్ దగ్గర మూట విప్పింది. ప్రేమ్‌చంద్ వాళ్లు కాలువ భూముల కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు. ఇక్కడే పుట్టినా ఇంటి మాట మాత్రం మారలేదు. పంకాను చేతిలోకి తీసుకోగానే నవ్వాడు.

"ఈ ఫ్యాను నాకు చుట్టమేనమ్మా. తరచూ వస్తుంది. హన్మండ్లు గారు తెస్తారు గదా?"

దేవవ్వకు ఇప్పుడర్థమైంది. గోనెసంచిలో చుట్టుకొచ్చింది ఇదన్నమాట! చాటున తెచ్చి, చాటున బాగు చేయించి, చాటున బిగిస్తున్నాడు. తప్పు చేయనివాడికి చాటెందుకు?

"ఇసుక తగిలి అరిగింది గదా ఇది?" అని సూటిగా అడిగింది.

"కాదండి. ఇసుక తగిలితే సానపెట్టినట్టు అంచులన్నీ నున్నగా అరుగుతాయి. ఇవి చూడండి, పురుగు కొరికినట్టు గుంటలు. ఇది గాలి చేసిన పని. పెద్ద అల వచ్చి పడవ వెనక భాగం లేచిందనుకోండి, ఫ్యాను నీళ్లలోంచి బయటికొచ్చేస్తుంది. బయటికొస్తే దానికిక అడ్డేముంది? ఇంజను పిచ్చెక్కినట్టు పరిగెడుతుంది. ఆ పరుగులో ఉండగానే మళ్లీ నీళ్లలో పడుతుంది. ఆ దెబ్బకి పిన్ను తెగుతుంది. తెగకపోతే లోపల పళ్లు పోతాయి. గాలీ నీళ్లూ కలిపి చిలికితే బుడగలు పుట్టి, చిట్లి, ఇదిగో ఇలా రేకును తినేస్తాయి. పైగా ఇంజను చల్లబడ్డానికి నీళ్లు కింద నుంచే పీల్చుకుంటుంది. నీళ్ల బదులు గాలి పీలిస్తే వేడెక్కి చస్తుంది. మంచి ఇంజనమ్మా, పాపం. బరువు ఎక్కడ వేస్తున్నారో ఒకసారి చూసుకోమనండి ఆయన్ని."

ఇన్ని మాటల్లో దేవవ్వ చెవిన పడినవి రెండే. పెద్ద అల. బరువు. పెద్ద అలలు నడి నీళ్లలోనే ఉంటాయి. బరువంటే ఇసుక బరువు. రాయి మీద చేయి పెట్టి వేసిన ఒట్టు తప్పి, తన మొగుడు పోయిన నీళ్లలోనే, తన మొగుడి పడవలోనే దొంగ ఇసుక తోలుతున్నాడు. ఇంతవరకూ అనుమానం. ఇప్పుడు ఆమె మనసులో అది రుజువైపోయింది. తిరుగు బస్సులో ఆమె కళ్లు తుడుచుకుంటూనే ఉంది. ముత్యం పోయిన నాటి ఆ పాత చూపు, ఇద్దరు వెళ్లిన పడవలో ఒక్కడే ఎందుకు వచ్చాడన్న చూపు, ఆమెలో మళ్లీ లేచి కూర్చుంది.

ఆ సాయంత్రమే భూమేష్ చేత పంకా మళ్లీ బిగించి పెట్టించింది. మరునాడు పొద్దున, హన్మండ్లు పెళ్లి నుంచి తిరిగొచ్చాక, ఒడ్డున జనం నిండుగా ఉన్న వేళ చూసుకుని నోరు విప్పింది.

"ఇసుక దొంగ! నా మొగని పడవల ఇసుక తోలుకుంట, నా కండ్లల్ల ఇసుక కొడ్తున్నడు. ఇయ్యాల్టి సంది పడవ భూమేష్‌ది. నువ్వు దిగు."

అందరూ ఆగిపోయారు. నాగవ్వ చేతిలోని చేప చేతిలోనే ఉండిపోయింది. పడవ పోతే హన్మండ్లుకు వేరే బతుకు లేదని ఒడ్డున అందరికీ తెలుసు. సెంటు భూమి లేదు. దుబాయ్ పోవాల్సిందే. అతను పోతే దేవవ్వకు మిగిలేదీ ఏమీ లేదు. ముత్యం పోయాక పొద్దుగూకే వేళకు ఆమె తలుపు తట్టి, కూరకని రెండు చేపలు గడప మీద పెట్టి వెళ్లేది అతనొక్కడే. కోపం మీద ఉన్న మనిషికి అవన్నీ ఎందుకు గుర్తొస్తాయి!

హన్మండ్లు మొహం నల్లబడింది. రాయి వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"రేపొక్కరోజు నువ్వు గూడ పడవల ఎక్కు వదినె. నేను ఎటు పోతనో, ఏం తోల్తనో నీ కండ్లతోని సూడు. ఎల్లుండి భూమేష్‌కే ఇయ్యి. నేనేం అన."

దేవవ్వ ఇంటికి వెళ్లింది, తింది, పడుకుంది. నన్ను నీళ్ల మీదికి ఎందుకు పిలిచాడు? అన్నను ముంచినవాడు వదినెను ముంచడా? ఎక్కకపోతే భయపడింది అంటాడు. ఎక్కితే ఏం చేస్తాడో. ఆలోచించి ఆలోచించి ఒక ఏర్పాటు చేసుకుంది. తెల్లారి ఆమె ఒడ్డుకు వచ్చిన తీరు చూసి నాగవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. చీర మీద నడుముకు నులక తాడు, ఆ తాడుకు అటొకటి ఇటొకటి మూతలు బిగించిన ఖాళీ నూనె డబ్బాలు. ముంచితే తేలాలి కదా. హన్మండ్లు ఆ డబ్బాలను చూశాడు, వాటి అర్థం అతనికి తెలిసింది. తల దించుకుని చేయి అందించాడు. ఆ చేయి పట్టుకోకుండానే ఎక్కింది.

ఎక్కి తిన్నగా ముందుకు వెళ్లి రాయి పక్కన, మొగుడి పక్కన, రెండు చేతులా పడవ అంచులు పట్టుకుని కూలబడింది. అంతకు ముందు తన అలవాటు ప్రకారం పెట్రోలు డబ్బా మూత వాసన చూడటం మరచిపోలేదు.

పడమటి గాలి అప్పటికే లేచింది. హన్మండ్లు పడవను ఒడ్డు వెంబడే పట్టాడు. ఎడమ పక్కన తుమ్మచెట్లు, బర్రెలు, బట్టలు ఉతికే ఆడవాళ్ల మాటలు కూడా వినిపించేంత దగ్గర. దేవవ్వ కళ్లు చికిలించి చూస్తూనే ఉంది, ఎప్పుడు నడి నీళ్లకు తిప్పుతాడా అని. తిప్పలేదు. మొదటి అల వచ్చింది. పెద్దదేం కాదు, మోకాలెత్తు. రాయీ దేవవ్వా ఉన్న ముందు భాగం ఆ అలలోకి ముక్కు గుచ్చింది, నీళ్లు ఒళ్లో పడ్డాయి, వెనక భాగం ఖాళీ గంపలా లేచింది. ఇంజన్ అరిచింది.

ఒడ్డున కూర్చుని విన్న అరుపు వేరు. ఇది పడవ చెక్కల్లోంచి ఎముకల్లోకి పాకింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. పంకా నీళ్ల మీద గాలిలో, ఎండకు తళతళా తిరుగుతోంది. అంతలోనే ధన్‌మని నీళ్లలో పడింది. మరో అల, మరో అరుపు. ఎదురుగా వస్తున్న వేరే పడవ అదే అలల మీద ఏమీ ఎరగనట్టు వచ్చి, పక్క నుంచి దాటిపోయింది. అందులోని వాడు "గంగమ్మ రాయి పడవొచ్చింది, పక్కకు జరుగున్రి" అని నవ్వాడు. ఇది రోజూ వినే మాటలాగే హన్మండ్లు పట్టించుకోలేదు.

టక్కుమని పిన్ను తెగింది. పడవ అడ్డం తిరిగింది. దేవవ్వ గంగమ్మను తలుచుకుంది, డబ్బాలను తడుముకుంది. హన్మండ్లు ఇంజన్‌ను పైకి లేపి, వెనక అంచు మీద బోర్లా పడుకుని, సగం నీళ్లలో వేలాడుతూ, తంబాకు డబ్బాలోంచి ఇంకో పిన్ను తీసి బిగించాడు. మేకులు కోసి చేసుకున్న పిన్నులు డబ్బా నిండా ఉన్నాయి. అతని వేళ్ల కణుపుల మీద పాత గాట్ల పక్కన కొత్త గాట్లున్నాయి.

"వదినె, జర ఎనుకకు రా."

"ఎందుకు? తోసేద్దామనా?"

హన్మండ్లు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి గోదావరి నీళ్లు కావని దేవవ్వకు తెలిసింది. అయినా నమ్మలేదు. కానీ ముందు కూర్చుంటే నీళ్లు నెత్తి మీద పడుతున్నాయి, దొంగ పక్కన కూర్చోవడమే నయమనిపించింది. డబ్బాలు దొర్లుతుంటే మోకాళ్ల మీద పాకుతూ వెనక్కి వచ్చింది.

హన్మండ్లు ఇంజన్‌ను నీళ్లలోకి దించి నడిపించాడు. అల వచ్చింది. ముక్కు కొంచెం పైకి లేచి అలను ఎక్కి దిగింది. ఇంజన్ అరవలేదు, మూలిగి ఊరుకుంది.

"ఏం జేసినవ్?" అంది దేవవ్వ అనుమానంగా.

"నేనేం జెయ్యలే. నువ్వు ఎనుకకు వచ్చినవ్, గంతే."

ఇంకొకరైతే అక్కడితో ఒప్పుకునేవారు. దేవవ్వ ఒప్పుకుంటుందా! ఏదో మీట నొక్కి ఉంటాడని మళ్లీ ముందుకు పాకి వెళ్లింది. ఇంజన్ అరిచింది. వెనక్కి పాకింది. ఊరుకుంది. అతని చేతుల మీదే చూపు పెట్టి మళ్లీ ముందుకు. మళ్లీ అరిచింది. చేతులు కదల్లేదు. అనుమానపు మనిషిలో ఒక గొప్ప గుణం ఉంది. నిఖార్సుగా అనుమానించేవాడు తన అనుమానాన్ని కూడా కాంటాలో పెడతాడు. దేవవ్వ ఆ రోజు తన అనుమానాన్ని తనే తూచింది. ముందుకూ వెనక్కూ పాకి పాకి మోకాళ్లు చీరుకుపోయాక వెనకే కూలబడింది.

కూలబడ్డ చోట కింద ఏదో గరుకుగా తగిలింది. తీసి చూస్తే ఖాళీ గోనెసంచి. అడుగున తడి ఇసుక.

"గిదేంది?"

"నీ రాయికి ఎదురు బరువు వదినె. మన రేవు దాటినంక ఒడ్డుకే ఇసుక నింపుకొని ఎనుక ఏస్కుంట. మళ్ల వచ్చేటప్పుడు నీళ్లల్ల వంచుత, నువ్వు సూస్తే ఏమనుకుంటవో అని. మనుషులు నిండుగ ఎక్కిన నాడు ఇసుక ఏస్తే పడవ దిగవడ్తది, ఎయ్యరాదు. గా దినాలల్లనే గిట్ల పంకా లేస్తది, పిన్నులు తెగుతయి."

"నాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్పాలె? రాయి జరుపుమంటే అన్నను ఎనుకకు నెట్టినట్టయితది నీకు. గా దినం..." అతను ఇంజన్ పిడిని గట్టిగా పట్టుకున్నాడు. "గా దినం అన్న ఇంజన్ నాకిచ్చి ముందటికి పోయిండు. నేను పోతనంటే ఇనలే. నేను పోయి ఉంటే అన్న బతికెటోడు. గదే మాట నీ కండ్లల్ల రోజు కనవడ్తది వదినె. ఏ మొఖం పెట్టుకొని రాయి జరుపుమనాలె?"

దేవవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెరకు బండిని వెనక నుంచి ఎవరూ తోయరు, ఎడ్లు ముందు నుంచి లాగుతాయి. పడవకు ఎడ్లు వెనక ఉన్నాయి. ఈ చిన్న ముక్క తన బుర్రకు ఇన్నేళ్లు తట్టలేదు. తను ముందు బరువు వేసిన ప్రతి రోజూ ఈ పడవ ఎద్దు మెడ బిగుసుకుని అరిచింది, ఆ అరుపు విని తను ఒక మనిషిని దొంగ అంది. సిగ్గుతో, దుఃఖంతో ఆమె భోరుమంది. ఏడ్చి ఏడ్చి, ముక్కు చీది, నడుముకున్న డబ్బాలు ఊడదీసింది.

"ఒడ్డుకు తిప్పు" అంది.

ఒడ్డున జనం అప్పటికే గుమిగూడి ఉన్నారు. భూమేష్ కొత్త లుంగీ కట్టుకుని వచ్చాడు. పడవ ఇసుకను తాకినా దేవవ్వ దిగలేదు. ముందుకు వెళ్లి రాయికి దండం పెట్టి, రెండు చేతులూ దాని కింద దూర్చింది.

"పట్టురా హన్మండ్లు."

"వదినె, ఒట్టు..."

"ఒట్టు ఏయించింది నేను, తీసేది నేను. పట్టు."

ఇద్దరూ లేపారు. పడవ ఊగింది, ఒడ్డున ఆడవాళ్లు అమ్మో అన్నారు. అడుగడుగునా దించుతూ, లేపుతూ, రాయిని వెనక్కి, ఇంజన్ పక్కకు, ముత్యం ఎప్పుడూ కూర్చునే చోటికి చేర్చారు.

"మీ అన్న జాగ గిదే. ముందట గాడ ఆయనకేం పనుండె? నువ్వే సూస్కో ఇగ."

తర్వాత ఒడ్డు వైపు తిరిగింది. ఆ ఊళ్లో ఒడ్డున అన్న మాటను ఒడ్డునే తీసుకోవాలి, ఇంటికి పోయి చెవిలో చెప్తే చెల్లదు.

"ఇంటున్నరా అందరు! నిన్న వీన్ని దొంగ అన్న. దొంగ కాదు. వీడు ఒట్టు తప్పలే, ఒడ్డు దాటలే. ఇంజన్ కరాబు జేసింది నేను, నా రాయి. ఎవలన్న వీన్ని ఇసుక దొంగ అంటే నాలుక కోస్త. నాగవ్వా, నీకే చెప్తున్న. బిడ్డా భూమేష్, నువ్వు పో, నీ పని సూస్కో."

నాగవ్వ చేపలు తిరగేయడంలో మునిగిపోయింది. హన్మండ్లు రాయి పక్కన కూర్చుని రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు, భుజాలు కదులుతున్నాయి. దేవవ్వ చెంబుతో నీళ్లు తీసి, ముందు ముక్కులో మిగిలిన పసుపు గీతను కడిగేసింది.

మరునాడు పొద్దున ఎప్పటిలాగే ఒడ్డుకు వచ్చింది. హన్మండ్లు అలవాటుగా పెట్రోలు డబ్బా తెచ్చి ముందు పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దేవవ్వ మూత తీసింది. ముక్కు దాకా తెచ్చింది. ఒక్క క్షణం అలాగే పట్టుకుని, వాసన చూడకుండా మూత బిగించి డబ్బా అతని చేతికిచ్చింది.